వెనకాల ఏమీ లేదు

ట్రైలర్లోకి ముందు రెక్కలెక్కాలి, తర్వాత విమానాల ఒళ్ళు, అన్నిటికన్నా చివర తమ్ముడు. ఈ వరస ఆమెకు కంఠతా వచ్చు. అయినా చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగి, మళ్ళీ రెక్కల దగ్గరినుంచి మొదలెడుతుంది.

పెరట్లో రేకుల షెడ్డు ముందు ట్రైలర్ తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఆమె భర్త చేతులు వెనక్కి కట్టుకుని, కాలు గాలిన పిల్లిలా దాని చుట్టూ తిరుగుతున్నాడు. ఆయనకి బజార్లో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. చుట్టుపక్కల అందరూ కళ్ళజోళ్ళాయన అనే పిలుస్తారు. దుకాణం మూసిన తర్వాత మాత్రం ఆయన లోకమంతా ఈ షెడ్డే. బొమ్మ విమానాలంటే చేత్తో విసిరేవి కావు, కింద నిలబడి రిమోటుతో ఎగరేసేవి. పసుపుపచ్చదాని ఒళ్ళు మనిషి కాళ్ళు చాపుకుని పడుకునే మంచం కన్నా పొడుగు. రెక్కలు తగిలిస్తే వాళ్ళ హాల్లో పట్టదు. దాని ముక్కుకున్న పంకా తిరిగేటప్పుడు వేలు పెడితే వేలు ఉండదు. రెండోది వెండి రంగుది. కాస్త చిన్నది, కానీ కోపం ఎక్కువ అంటాడాయన. పిల్లల గురించి చెప్పినట్టే చెబుతాడు.

తమ్ముడు పసుపుపచ్చదాని రెక్కని రెండు అరచేతుల మీద మోసుకొచ్చాడు. వేళ్ళు దానికి తగలకుండా అరచేతులు పళ్ళెంలా పెట్టాడు. వాడు కుట్టిన సంచిలోకి రెక్క మెల్లగా జారింది. బయట మందపాటి గుడ్డ, లోపల పాత రగ్గు. బస్సు సీట్లు కుట్టే ఫ్యాక్టరీ మూతపడి వాడు అక్క ఇంటికి వచ్చినప్పటినుంచి ఆ చేతులు కుట్టేది ఇవే. ట్రైలర్ గోడకి బిగించిన ఫోము గాడిలో రెక్క సంచి నిలువుగా కూర్చుంది. దాని పక్కన ఇంకోటి. తర్వాత వాలుపలక మీదుగా విమానాన్ని ముక్కు ముందుకు పెట్టి లోపలికి దొర్లించాడు. చక్రాలు చెక్క గుంటల్లో టక్కుమని దిగాయి. తోక తలుపు వైపుకి వచ్చింది. వీపు మీద మెత్త వేసి, మెత్త మీంచి బెల్టు వేసి బిగించాడు. బెల్టు నేరుగా ఒంటి మీద పడితే రంగు పోతుంది, లోపలి చెక్క చిట్లుతుంది. తోక దగ్గర కదిలే పలకల్ని మెత్త వేసిన పట్టుకొయ్యలతో కదలకుండా పట్టించాడు. బ్యాటరీలు విడిగా ఒక డబ్బాలో పెట్టాడు. ట్యాంకులో పెట్రోలు పొద్దున్నే తోడేశాడు.

"ఇంత మెత్తగా నన్నెప్పుడూ ఎవరూ పడుకోబెట్టలేదు బావా," అన్నాడు నవ్వుతూ.

భర్త కూడా నవ్వి, వంగి లోపలికెళ్ళి ఒక్కో బెల్టునీ లాగి చూశాడు. లాగినప్పుడల్లా బెల్టు వీణ తీగలా మోగింది.

ఆమె ఆరేసిన బట్టలు తీస్తున్నదల్లా ఆపింది. "ఏమండీ, వీడు లోపల కూర్చోవాల్సిందేనంటారా?"

"మళ్ళీ మొదలెట్టావా! తోక పట్టుకునేవాడు ఒకడుండాలి కదే. మొదటిసారి ఊగిందని వాడే చెప్పాడుగా."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. వాడు తలెత్తకుండా ఒక మెత్త చివర ఊడిన దారాన్ని పంటితో కొరుకుతున్నాడు.

"ఊగిందక్కా. కొంచెం. పట్టుకుంటే ఏమీ లేదు."

"కిటికీ కూడా లేని పెట్టెలో మనిషి..."

"పైన గాలి కన్నం ఉందిగా. నాకు బాగానే ఉంటుందక్కా. నువ్వు ఊరికే కంగారు పడతావు," అన్నాడు వాడు. ఆ ఇంట్లో పంకా వేసుకోవడానికి కూడా ఎవరి మొహమో చూసే మనిషి ఆ మాట మాత్రం గట్టిగా అన్నాడు. ఆమె మిగిలిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే బయలుదేరారు. పోటీలు జరిగే మైదానం కొండ దాటాక అవతలి పల్లంలో ఉంది. తమ్ముడు తలుపు పక్కనే, రెండు విమానాల తోకల మధ్య, తను కుట్టుకున్న దిండు వేసుకుని కూర్చున్నాడు. ఒక చెయ్యి ఈ తోక మీద, ఒక చెయ్యి ఆ తోక మీద. ఆమె మంచినీళ్ళ సీసా, రొట్టె పొట్లం వాడి ఒళ్ళో పెట్టింది.

"ఫోను చేతికందేట్టు పెట్టుకో."

"సరేలే అక్కా, తలుపెయ్యి. దుమ్ము పడుతుంది."

దుమ్ము ఎవరి మీద పడుతుందో ఆమె అడగలేదు. భర్త తలుపులు దగ్గరికి లాగి, బయటి గడియ వేసి, అందులోకి ఇనప చీల దోపాడు. లోపలినుంచి తీయడానికి గడియ లేదు. సామాను పెట్టుకునే బండికి లోపల గడియ ఎవడు పెడతాడు?

కారు కదిలింది మొదలు ఆమె కళ్ళు తన వైపు అద్దం మీదే ఉన్నాయి. అద్దంలో ట్రైలర్ అంచు, ఒక చక్రం, దాని వెనక పరిగెత్తే రోడ్డు. చదును రోడ్డు మీద అది బుద్ధిగా, వెనకాలే వచ్చే పెంపుడు కుక్కలా వచ్చింది. ఆమె ఫోను చేసింది.

"ఎలా ఉందిరా?"

"హోటల్లో ఉన్నట్టుందక్కా. పంకా ఒక్కటే తక్కువ."

"తోకలు?"

"పట్టుకునే ఉన్నా."

"వాణ్ణి మాట్లాడించకు, చేతులు వదిలేస్తాడు," అన్నాడు భర్త, కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా. ఆయన హుషారుగా ఉన్నాడు. పోటీకి ఎవరెవరు వస్తారో, గాలి వాటం ఎటు ఉంటుందో, పసుపుపచ్చది బోర్లా ఎగరగలదో లేదో చెప్పుకుంటూ పోయాడు. ఆమె "ఊఁ" కొడుతూ అద్దం చూస్తూనే ఉంది. కొండ ఎక్కడం మొదలయ్యాక ఫోనులో గీతలు ఒక్కోటీ మాయమై, చివరికి ఏమీ లేకుండా పోయింది. ఆమె దాన్ని చేతిలో ఇటు తిప్పి అటు తిప్పి ఒళ్ళో పెట్టుకుంది. ఇక వెనక ఉన్నది మనిషో, మూటో తెలుసుకునే దారి లేదు.

ఎక్కడం బాగానే గడిచింది. దిగుడు మొదలైంది. రోడ్డు ఆమె వైపునే లోయలోకి ఒరిగి ఉంది. అంచున పొట్టి రాళ్ళు తప్ప అడ్డం ఏమీ లేదు. ఎదురుగా తిన్నటి వాలు కనపడేసరికి భర్త కారుని స్వేచ్ఛగా జారనిచ్చాడు. అప్పుడు అద్దంలో ట్రైలర్ ఆమెకి ఓసారి పూర్తిగా కనిపించింది, ఓసారి పూర్తిగా మాయమైంది. వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నట్టు.

"ఏమండీ."

"చూశా."

రెండో ఊపు మొదటిదానికన్నా పెద్దది. కారు వెనకభాగాన్ని ఎవరో చొక్కా పట్టుకుని అటూ ఇటూ గుంజుతున్నట్టుంది. భర్త బ్రేకు తొక్కాడు. తొక్కగానే అది ఇంకా రెచ్చిపోయింది. టైర్లు కీచుమన్నాయి. ఆమె కిటికీలోకి రోడ్డు అంచు వచ్చింది, రాళ్ళు వచ్చాయి, రాళ్ళ అవతల ఏమీ లేనిది వచ్చింది. మళ్ళీ అంతా వెనక్కి పోయింది. ఆమెకి అరవాలనిపించింది గానీ నోరు పెగల్లేదు. లోపల వాడికి పట్టుకోవడానికి తోకలు తప్ప ఏమీ లేదు, ఆ తోకల్ని వాడు గట్టిగా పట్టుకోడు, విరుగుతాయని. ఆ ఒక్క ఆలోచనే ఆమె తలలో గిర్రున తిరుగుతోంది.

ఎప్పుడో భర్త బ్రేకు మీంచి కాలు తీసేశాడు. స్టీరింగు రెండు చేతుల్తో తిన్నగా పట్టుకుని, పళ్ళు బిగించి, బండిని దాని మానాన వదిలేశాడు. ఊపు కొంచెం తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. రాళ్ళకి జానెడు దూరంలో కారు ఆగింది. కాలిన రబ్బరు వాసన కారు నిండా వచ్చింది. భర్త నుదుటి చెమట ముక్కు మీదికి కారుతోంది, తుడుచుకోవాలని కూడా ఆయనకి తోచలేదు.

వెనకాలే వస్తున్న పాల ట్యాంకరు ఒకటి ఆగింది. డ్రైవరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పెద్ద పొట్ట, మెళ్ళో తువ్వాలు.

"ఏమయ్యా, బతికే ఉన్నారా? మీ వెనక నేను దణ్ణాలు పెట్టుకుంటూ వచ్చాను. ఏంటి లోడు?"

భర్త దిగాడు. ఆమె కూడా దిగింది.

"లోడేం లేదండీ. బొమ్మ విమానాలు. దూదంత తేలిక," అన్నాడు భర్త.

"మరి ఇలా ఎందుకు ఈడ్చింది? వెనకవైపు బరువేమన్నా పెట్టారా? తలుపు దగ్గర బరువుంటే ముందు తేలిపోద్ది. అలా తేలితే ఇదిగో ఇలాగే. మా వాడొకడు ఇలాగే లోయలో పడ్డాడు. చూడండి, ఏముంది వెనకాల?"

భర్త ట్రైలర్ తలుపు వైపు చూశాడు. ఆమె ఆయన మొహం వైపు చూసింది.

"వెనకాల ఏమీ లేదు," అన్నాడు.

"ఓసారి తెరిచి చూసుకోరాదూ?"

"మేం చూసుకుంటాం లెండి. మీకెందుకు శ్రమ."

తలుపుకీ ఆమెకీ మధ్య రెండడుగులు. లోపలినుంచి చప్పుడు లేదు. దగ్గు లేదు, కదలిక లేదు. ఉన్నాడా అసలు? డ్రైవరు తువ్వాలుతో మెడ తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, బాగా భయపడినట్టున్నారే?"

ఆమె నోరు తెరిచింది. తమ్ముడున్నాడండీ లోపల, నా తోడబుట్టినవాడు, తలుపు తీయండి. ఈ మాటలన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. భర్త ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. కోపం కాదది, బతిమాలుకోవడం.

"లేదండీ," అంది ఆమె.

ట్యాంకరు మలుపు తిరిగేదాకా ముగ్గురూ కదల్లేదు. బయట ఇద్దరు, లోపల ఒకడు. తర్వాత ఆమె తనే వెళ్ళి చీల లాగింది. అది జారి రోడ్డు మీద పడి మోగింది.

తమ్ముడు కూర్చున్నచోటే ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. కనుబొమ్మ చిట్లి రక్తం చెంప మీదికి దిగింది. చేతులు మాత్రం రెండు తోకల మీద, ఎక్కడ పెట్టాడో అక్కడే ఉన్నాయి.

"విమానాలకేం కాలేదు బావా," అన్నాడు ముందుగా.

భర్త టార్చిలైటు వేసి వాడి భుజం మీంచి లోపలికి వంగాడు. రెక్కలు చూశాడు, చక్రాలు చూశాడు, తోకలు తడిమాడు. "అమ్మయ్య," అన్నాడు. ఆమె చేతిరుమాలు నీళ్ళలో తడిపి తమ్ముడి కనుబొమ్మ మీద అదిమింది.

"దిగు. ముందు కూర్చుందువుగాని."

"వద్దక్కా."

"దిగమంటున్నానా!"

"తోకలెవరు పట్టుకుంటారు? ఇంకా దిగుడు చాలా ఉంది." వాడు రుమాలు ఆమె చేతిలోంచి తీసుకుని తనే అదుముకున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

"ఆ పాలబండాయన అడిగినప్పుడు... నీకు వినపడిందా?"

"ఇనప రేకు కదా అక్కా, ఏం వినపడుతుంది." వాడు ఆమె వైపు చూడలేదు. కాళ్ళ దగ్గర పడిన రొట్టె పొట్లం వైపు చూశాడు.

కారులో కూర్చున్నాక భర్త అన్నాడు, "మనిషిని ఎక్కించామని చెబితే ఊరుకుంటారా? పోలీసుల్ని పిలుస్తాడు, కేసు రాస్తారు. అందుకని అన్నాను." కొంచెం ఆగి, "నువ్వు మంచిపని చేశావు," అన్నాడు. ఆ మెప్పు ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. కొండ దిగినంతసేపూ ఆయన బండిని ఎడ్లబండిలా నడిపాడు. ఆమె అద్దంలోంచి చూపు తిప్పలేదు. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా రెప్ప వాల్చలేదు. రెప్ప వాల్చిన క్షణంలోనే అది మళ్ళీ తల ఊపుతుందేమోనని.

మైదానం నిండా విమానాలు. రంగురంగుల గొడుగులు, మడత కుర్చీలు, పెట్రోలు పొగ. భర్త అక్కడ వేరే మనిషి. పసుపుపచ్చది గడ్డి మీద పరిగెత్తి గాల్లోకి లేచేసరికి ఆయన మొహంలో పదేళ్ళ పిల్లాడు కనిపించాడు. అది మేఘాల కిందికి వెళ్ళి ఒక చుట్టు తిరిగి, బోర్లా పడుకుని, జనం నెత్తి మీంచి గర్జిస్తూ పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజను మొదలెట్టినప్పుడు విమానం ముందుకి ఉరక్కుండా వెనక మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకున్నది తమ్ముడే. కనుబొమ్మ మీద అంటించిన పట్టీతో, పంకా గాలికి జుట్టంతా వెనక్కి పోయి, కళ్ళు చికిలించి నవ్వుతున్నాడు.

పోటీలు పెట్టిన సంఘం పెద్దాయన ఒకాయన, ఎప్పుడూ మెళ్ళో ఈల వేలాడుతుంటుంది, వాడి భుజం తట్టి అడిగాడు. "నువ్వేం చేస్తుంటావోయ్?"

"తోక పట్టుకుంటానండీ," అన్నాడు వాడు.

అందరూ పగలబడి నవ్వారు. భర్త కూడా నవ్వాడు. తమ్ముడు అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. ఆమె ఆకాశం వైపు చూడటమే లేదు. మైదానం చివర గెడకి కట్టిన, గాలి ఎటు వీస్తుందో చూపే సంచి వైపు చూస్తోంది. పొద్దున అది ముసలివాడి చెయ్యిలా వాలి ఉంది. మధ్యాహ్నానికి సగం లేచింది. ఇప్పుడు నిటారుగా, కర్రలా బిగుసుకుని, తిరిగి వెళ్ళాల్సిన రోడ్డు వైపే చూపిస్తోంది. అదే రోడ్డు. అదే కొండ. అదే తలుపు. మళ్ళీ చీల దోపాలి. మళ్ళీ ఎవరైనా అడిగితే?

సామాను సర్దే వేళకి ఆమె ట్రైలర్ దగ్గరికి వెళ్ళింది. రెక్కలెక్కాయి, ఒళ్ళు ఎక్కాయి, బెల్టులు మోగాయి. తమ్ముడు దిండు దులిపి ఎక్కబోతుంటే ఆమె వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. తనే ఎక్కి ఆ దిండు మీద కూర్చుంది.

"ఇదేంటక్కా!"

"ఈసారి నేను పట్టుకుంటా."

"హాస్యమాడకు, దిగు," అన్నాడు భర్త.

"హాస్యం కాదు. మనిషి ఉండాల్సిందే అన్నారుగా. నేను మనిషిని కానా?"

"నీకేం తెలుసు పట్టుకోవడం?"

"తోక పట్టుకోవడానికి చదువు కావాలా? ఇదిగో." ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు పెట్టింది. పక్క గొడుగు కిందివాళ్ళు ఇటు తిరిగి చూస్తున్నారు.

తమ్ముడి మొహంలో రంగు మారింది. "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను, దిగు. నీకు అలవాటు లేదు, గాలి ఎక్కువగా ఉంది."

"నీకుండదా గాలి?"

భర్త వాడి వైపు చూశాడు, వాడు భర్త వైపు చూశాడు. ఆ చూపుల్లో ఏముందో ఆమెకి అప్పుడు అంతుబట్టలేదు. ఇద్దరూ అడకత్తెరలో పోకచెక్కల్లా నిలబడిపోయారు. ఈలాయన దూరంనుంచి, "ఏమైనా సాయం కావాలా?" అని కేకేశాడు.

"అక్కర్లేదండీ!" అన్నాడు భర్త గబుక్కున. గొంతు తగ్గించి, "పది గజాలు పోయేసరికి నువ్వే తలుపు బాదుతావు," అన్నాడు. తలుపు మూశాడు. చీల లోపలికి జారిన చప్పుడు ఆమెకి వెన్నులో వినపడింది.

చీకటి. పైన కన్నంలోంచి అణాకాసంత వెలుగు. రంగు, పెట్రోలు, పాత రగ్గు వాసన. బండి కదిలినప్పుడు ఆమె ఊహించినంత చప్పుడు కాదు, దానికి ఎన్నో రెట్లు. రేకులన్నీ ఒకేసారి పళ్ళు కొరుకుతున్నాయి. ప్రతి గతుకూ నడుములోంచి తలలోకి ఎక్కింది. కాలు ఆనించుకోవడానికి ఏమీ లేదు, వీపు వెనక తలుపు తప్ప. ఆ తలుపు వెనక పరిగెత్తే రోడ్డు. విమానాలకి మెత్తలు, బెల్టులు, గుంటలు. మనిషికి ఒక్క దిండు. ఇన్నిసార్లు వీడు ఇందులోనా వచ్చాడు? హోటల్లో ఉన్నట్టుందన్నాడే!

చేతులు తోకల మీదే ఉంచింది. విరుగుతాయన్న భయంతో గట్టిగా అదమలేదు. కాసేపటికి మోచేతులు లాగేశాయి. బండి ఏదో గుంతలో పడి ఎగిరింది. ఆమె తల రేకుకి కొట్టుకుని, రెండు చేతులూ తోకల మీంచి జారిపోయాయి. అయ్యో అనుకుని చీకట్లో తడిమింది. తోక ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఇంకో గుంత. ఈసారి కావాలనే చేతులు వదిలేసి ఒక్క వేలి కొన మాత్రం దానికి ఆనించి ఉంచింది. బండంతా ఎగిరిపడింది. తోక ఆ వేలి కింద గోడలో ఇటుకలా ఉంది. భుజం పెట్టి నెట్టింది. కదల్లేదు. రెండో తోకనీ నెట్టింది. అదీ కదల్లేదు.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చీకట్లోకి చూస్తూ కూర్చుంది. ఇందులో పట్టుకోవాల్సింది ఏదీ లేదు. ఎప్పుడూ లేదు.

ఇది పూర్తిగా మనసుకెక్కక ముందే బయట ఏదో పెద్ద బస్సు హోరున దాటిపోయింది. ఆ గాలికి ట్రైలర్ ఒక పక్కకి తోసుకుపోయింది. మళ్ళీ ఇటు వచ్చింది. మళ్ళీ అటు. లోపల ఎటు పోతోందో కళ్ళకి తెలియదు, కడుపుకి మాత్రమే తెలుస్తుంది. ఆమె ఒళ్ళంతా ఆ గోడకీ ఈ గోడకీ విసిరేసినట్టయింది. తోక పట్టుకోకూడదు, రెక్క పట్టుకోకూడదు. ఇంకేం పట్టుకోవాలి? అప్పుడు ఆమె అరిచింది. పొద్దున కారులో పెగలని గొంతు ఇప్పుడు పెగిలింది. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచి అరిచింది. రేకుల చప్పుడులో తన కేక తనకే వినపడలేదు.

ఊపు సన్నగిల్లి బండి ఆగింది. పరిగెత్తుకొచ్చిన అడుగులు. చీల ఊడింది. వెలుగు మొహాన కొట్టింది.

"అక్కా! దిగు, దిగు!" తమ్ముడు ఆమె చంకల కింద చేతులేసి, చిన్నపిల్లని దింపినట్టు కిందికి దింపాడు. రోడ్డు ఇంకా చదునే, కొండ ఎదురుగా కనపడుతోంది. గాలికి పక్క పొలంలో పైరంతా ఒకే వైపుకి పడుకుని ఉంది. వాడు ఏడుస్తున్నాడు. "అద్దంలో చూశానక్కా. నువ్వు అందులో ఉన్నావు, అది అలా... నేను చూడలేకపోయాను."

"కదల్లేదురా," అంది ఆమె. "చేతులు వదిలేశాను. వెంట్రుకవాసి కూడా కదల్లేదు."

వాడు రోడ్డు పక్కన గడ్డిలో చతికిలబడ్డాడు.

"కదలదక్కా. ఆ మెత్తలు నేను కుట్టినవే కదా."

"మరి మొదటిసారి ఊగిందన్నావు?"

"అబద్ధం చెప్పాను."

"ఎందుకురా?"

వాడు గడ్డి పీకడం మొదలుపెట్టాడు. "సంచులన్నీ కుట్టేశాను. గాడులు చేసేశాను. ఇంక చెయ్యడానికేం మిగల్లేదు. బావ ఏమీ అనలేదు, నువ్వూ అనలేదు. అయినా కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. నేను లేకపోతే విమానం కదులుతుందని చెప్పాను. పోనీ ఇంట్లో నా పేరున ఒక పనన్నా ఉంటుందని."

ఆమె భర్త వైపు తిరిగింది. ఆయన ఆశ్చర్యపోతాడని, మండిపడతాడని, తను అడ్డం నిలబడాలని అనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"నాకు తెలుసులేవే," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ప్రతి బెల్టూ నేను లాగి చూడనా? ఏనుగెక్కి తొక్కినా కదలవు. వాడు నోరు తెరిచి అడిగిన పని అదొక్కటే. అక్కర్లేదంటే చిన్నబుచ్చుకుంటాడని... వాడి పరువు..."

తమ్ముడు తలెత్తి బావ వైపు చూశాడు. గడ్డి పీకుతున్న చెయ్యి ఆగిపోయింది.

"పరువా!" ఆమెకి నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. "పరువుని పెట్టెలో పెట్టి బయట చీల దోపారా? మీకు తెలుసు, వాడికి తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకుని మర్యాదలు చేసుకున్నారు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. దారి పొడుగునా చచ్చి చచ్చి బతికింది నేను! ఆ పాలబండాయన వెనక బరువు తీసేయమని నెత్తి నోరూ కొట్టుకుని చెప్పాడు. మీరు వాణ్ణి దింపలేదు. ఇప్పుడు నన్నెక్కించారు."

"నువ్వు దిగుతావనుకున్నానే."

"నేనూ అలాగే అనుకున్నాను. మీరు దింపుతారని."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. కాసేపటికి వంగి తమ్ముడి మోచెయ్యి పట్టుకుని లేపాడు. "పద. కారులో కూర్చో," అన్నాడు. "తప్పు నాది. పొద్దున ఆయనతో ఏమీ లేదని అన్నాను చూడు..."

"వినపడింది బావా," అన్నాడు తమ్ముడు.

భర్త చెయ్యి ఆ మోచేతి మీద అలాగే ఉండిపోయింది.

ట్రైలర్లోకి వెళ్ళి, తలుపు దగ్గరున్న నీళ్ళ డబ్బానీ పనిముట్ల పెట్టెనీ తమ్ముడే ముందువైపుకి జరిపి కట్టాడు. ఎవరూ చెప్పలేదు. తర్వాత ముగ్గురూ కారెక్కారు. ఆమె తమ్ముడితో పాటు వెనక సీట్లో కూర్చుంది. ఖాళీ లారీలు దాటుతున్నప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి చూసింది. ట్రైలర్ గీత గీసినట్టు తిన్నగా వస్తోంది. అయినా భయం పోలేదు. ఇన్నాళ్ళు మింగిన భయం ఒక్క గంటలో ఎక్కడికి పోతుంది?

"ఇంకాస్త నెమ్మదిగా పోనివ్వండి," అంది.

ఆయన మారుమాట లేకుండా నెమ్మది చేశాడు.

కొండ ఎక్కుతున్నప్పుడు ఎండ ఇంకా ఉంది. తమ్ముడు లోయవైపు కిటికీ దగ్గర కూర్చుని, అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టాడు. ఏమేం ఉన్నాయో చూసుకుంటూ వస్తున్నాడు. చెట్లు, మలుపులు, కింద ఎక్కడో దారంలా వాగు. మొదట ఊరికే చూశాడు. తర్వాత మోచెయ్యి లోపలికి తీసుకున్నాడు.

ఒక వాలు దగ్గర రోడ్డు మీద నల్లటి చారలు కనపడ్డాయి. అటూ ఇటూ పాములా మెలికలు తిరిగి, అంచు రాళ్ళదాకా వెళ్ళి, అక్కడ ఒక్క రాయిని ఒరుసుకుని వెనక్కి వచ్చాయి. భర్త ఏమీ అనకుండా బండి ఇంకా నెమ్మది చేశాడు. తమ్ముడు కిటికీలోంచి తల బయటికి పెట్టి ఆ చారల వెంట చూశాడు. రాళ్ళ అవతలికి చూశాడు. కిందికి చూశాడు. చూపు ఆనడానికి చాలాసేపు పట్టింది.

"అక్కా," అన్నాడు. "ఈ చారలు..."

"మనవే."

"ఇంత లోతా ఇక్కడ?"

ఆమె వాడి చొక్కా పట్టుకుని లోపలికి లాగింది.

"అన్నిసార్లూ... మనం ఇటే వచ్చామా?"

"ఇటే వచ్చాంరా," అంది ఆమె.

అప్పుడు వాడి చేతులు వణకడం మొదలుపెట్టాయి.